ఆ వార్తకు ఓచరు ఉందా?

ప్రశ్న: మాది ఏలూరు. మా మామగారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 76 ఏళ్లు. రెండు నెలలుగా ఆయన ఫోనుకు ఒకే రకం వీడియోలు వస్తున్నాయి. 2038 జనవరిలో ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒక్క క్షణంలో ఆగిపోతాయనీ, బ్యాంకుల్లో లెక్కలు తుడిచిపెట్టుకుపోతాయనీ, 2024 జూలైలో విమానాలు నిలిచిపోవడం దానికి ముందస్తు సూచన అనీ వాటి సారాంశం. ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ ఇప్పుడే తీసేసి బంగారం కొందామని మామగారు పట్టుబడుతున్నారు. మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "వైటూకే అప్పుడు కూడా ఇలాగే భయపెట్టారు, చివరికి ఏమీ జరగలేదు, అంతా బూటకం" అని తాతగారితో వాదిస్తాడు. కానీ 2024లో విమానం రద్దయి రాత్రంతా విమానాశ్రయంలో కూర్చున్నది కూడా వాడే. ఈ ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను. ఇలాంటి వార్త వచ్చినప్పుడు అందులో నిజమెంతో మాలాంటి వాళ్లు తేల్చుకోవడం ఎలా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మామగారి భయంలో కొంత నిజం ఉంది. మీ అబ్బాయి ధైర్యంలో కొంత పొరపాటు ఉంది. ముందు అబ్బాయి మాటే తీసుకుంటాను. "అంతా బూటకం" అనే మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే వైటూకే, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కపెట్టే జబ్బు, దాన్ని సరిచేసే పనికే నా వయసులో రెండేళ్లు ఖర్చయ్యాయి.

1998లో సికింద్రాబాదులో ఒక మేడ మీద నలభై మందిమి కూర్చుని, ఒక అమెరికా బ్యాంకు కోసం కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు సరిచేసేవాళ్లం. ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ గోడ మీద చూసినా కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ శిక్షణ ప్రకటనలే కనిపించేవి. మా పని ఏమిటంటే, ప్రోగ్రాములో తేదీ ఎక్కడెక్కడ వస్తుందో వెతికి, మడతల కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి, ఒక్కొక్కటీ దిద్దడం. పాతకాలంలో కంప్యూటర్‌కు సమాచారం ఎక్కించడానికి రంధ్రాలు పొడిచే అట్టకార్డు మీద ఎనభై గడులే ఉండేవి. కంప్యూటర్లో చోటు చాలా ఖరీదు. అందుకని 1997ను 97 అని రాసి రెండు గడులు ఆదా చేసేవారు. అలా రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఆ ప్రోగ్రాములు ముప్పై ఏళ్లు బతుకుతాయని వాళ్లు అనుకోలేదు, అంతే.

ఇప్పుడు ఒక డిపాజిటు తీసుకోండి. 97లో వేశారు, 02లో గడువు తీరుతుంది. 02లోంచి 97 తీసేస్తే మైనస్ 95. ఆ గడిలో మైనస్ గుర్తుకు చోటు ఇవ్వకపోతే మిగిలేది 95. అయిదేళ్ల వడ్డీ కట్టవలసిన చోట తొంభై అయిదేళ్ల వడ్డీ. పరీక్ష కోసం మేము తేదీని ముందుకు జరిపి ప్రోగ్రాము నడిపిన రోజున ఆ అంకె కాగితం మీద అచ్చయి నా చేతిలోకి వచ్చింది. చాలా చోట్ల మేము చేసిన మరమ్మతు కూడా చిన్నదే: రెండంకెలు 50 కంటే తక్కువైతే ముందు 20 చేర్చు, లేకపోతే 19 చేర్చు. చిన్నదే గానీ, లక్షల వరుసల్లో ఎక్కడ చేర్చాలో కనిపెట్టడానికే ఏళ్లు పట్టింది. 2000 జనవరి 1న ఆ బ్యాంకు మామూలుగా తలుపులు తెరిచిందంటే జబ్బు లేదని కాదు, మందు ముందే పడిందని.

"ఏమీ జరగలేదు" అన్నది కూడా నిజం కాదమ్మా. 1999 డిసెంబరు 28నే బ్రిటన్‌లో దుకాణాల్లోని సుమారు 10,000 కార్డు యంత్రాలు పనిచేయడం మానేశాయి. అవి నాలుగు పనిదినాలు ముందుకు చూసి లెక్క వేసేవి, అందుకని వాటికి 2000 నాలుగు రోజులు ముందే వచ్చింది. కొత్త సంవత్సరం మొదటి రోజున అమెరికా నౌకాదళ వేధశాల వెబ్‌సైటులో సంవత్సరం 19100 అని కనిపించింది. అమెరికా గూఢచారి ఉపగ్రహాల నుంచి వచ్చే సమాచారాన్ని విప్పే నేల మీది కంప్యూటరు కొన్ని గంటలు చేతులెత్తేసింది. జపాన్‌లోని ఇషికావాలో అణు విద్యుత్ కేంద్రం దగ్గర రేడియేషన్‌ను గమనించే పరికరాలు మొరాయించాయి, అయితే ప్రమాదమేమీ జరగలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలచివేసినది ఇంగ్లండులోని షెఫీల్డులో జరిగింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యులోపం ఉండే ముప్పు ఎంతో గర్భిణులకు పరీక్ష చేసేటప్పుడు తల్లి వయసు ముఖ్యమైన లెక్క. వయసు పెరిగిన కొద్దీ ముప్పు పెరుగుతుంది. ఆ లెక్క వేసే కంప్యూటరు 2000 జనవరి నుంచి మే దాకా వయసులను తప్పుగా కట్టింది. 154 మంది స్త్రీలకు ఫలితాలు తప్పు వచ్చాయి. ముప్పు తక్కువని భరోసా పొందిన తల్లుల్లో నలుగురికి డౌన్ సిండ్రోమ్‌తో పిల్లలు పుట్టారు. యంత్రం ఆగిపోలేదు, తెర నల్లబడలేదు, ఎవరికీ గంట మోగలేదు. అప్పటికి టీవీ వాళ్లంతా సామాను సర్దుకుని వెళ్లిపోయి నాలుగు నెలలు దాటింది. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి. జనవరి 1న ఏమైందో చూసి తీర్పు చెప్పేస్తే ఇలాంటివి లెక్కలోకి రావు.

ఇక మామగారి వైపు వస్తాను. ఆయన చూస్తున్న వీడియోలకు తాతముత్తాతలు 1999లోనే ఉన్నారు. విమానాలు గాలిలోంచి రాలిపోతాయన్నారు, లిఫ్టులు మధ్యలో ఆగుతాయన్నారు, ప్రతి చిప్పూ చచ్చిపోతుందన్నారు. నిజానికి లిఫ్టులోని చిప్పుకు ఇది ఏ సంవత్సరమో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. మూడో అంతస్తా, నాలుగో అంతస్తా అన్నదే దాని లోకం. లెక్కల ప్రోగ్రాముల గురించిన భయం న్యాయమైనది. చిప్పుల గురించిన భయం చాలా మటుకు గాలికబురు. కానీ పత్రికల్లో రెండూ ఒకే వాక్యంలో, ఒకే అక్షరాల్లో వచ్చేవి.

అది ఎలా జరుగుతుందో నేను దగ్గర నుంచి చూశాను. 1999 డిసెంబరులో ఒక విలేఖరి మా ఆఫీసుకు వచ్చాడు. పేరు, పత్రిక అనవసరం, కుర్రవాడు మంచివాడే. అరగంట కూర్చోబెట్టి, ఇందాక మీకు చెప్పిన డిపాజిటు లెక్కే అతనికి కాగితం మీద వేసి చూపించాను. అతను వెళ్లబోతూ, "విమానాలు పడిపోతాయా సార్?" అని అడిగాడు. "విమానాల సంగతి నాకు తెలియదు, నేను చూస్తున్నది వడ్డీ లెక్కలు" అన్నాను. మర్నాడు వార్త వచ్చింది. శీర్షిక విమానాల మీద. లోపల "కంప్యూటర్ నిపుణులు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు" అనే ఒక వాక్యం. ఆ నిపుణుడిని నేనే. నేను చెప్పిన డిపాజిటు లెక్క ఎక్కడా లేదు. నాకు తెలియదని చెప్పిన విషయం శీర్షిక అయింది, తెలిసి చెప్పిన విషయం చెత్తబుట్టలోకి పోయింది. ఇరవై అయిదేళ్లుగా ఇలాంటి వార్త ఏది చదివినా ముందు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఇక్కడ మీ మామగారి ఉద్యోగం మీకు బాగా పనికొస్తుంది. ట్రెజరీలో ఆయన బల్ల మీదకు ఎన్నో బిల్లులు వచ్చి ఉంటాయి. మొత్తం పెద్దదనో, తెచ్చినవాడు గట్టిగా మాట్లాడాడనో ఆయన ఏ రోజైనా బిల్లు పాస్ చేశారా? ఓచరు అడిగేవారు. సంతకం ఎవరిదో చూసేవారు. లేకపోతే అభ్యంతరం రాసి వెనక్కి పంపేవారు. వార్త దగ్గర కూడా అంతే చేయమనండి. ఆ వార్తలో యంత్రం దగ్గర కూర్చున్న మనిషి ఉన్నాడా? ఫలానా సంస్థ, ఫలానా యంత్రం, ఫలానా సమయం, ఫలానా తప్పు అని చెప్పగలిగిన మనిషి. అతను ఉంటే అది వార్త. "నిపుణులు", "అంతర్జాతీయ వర్గాలు", "విశ్వసనీయ సమాచారం" మాత్రమే ఉంటే అది ఓచరు లేని బిల్లు. అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. పాస్ చేయకుండా పక్కన పెడితే చాలు.

2024 జూలై 19నే తీసుకుని చూడండి, ఎందుకంటే ఆ దెబ్బ మీ ఇంటికీ తగిలింది. ఆ ఉదయం మన టైము ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక ఫైలులో తప్పు దొర్లింది. అది అందిన విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి కూలబడ్డాయి. 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన కంప్యూటర్లను లేపాలంటే చాలా వాటి దగ్గరకు మనిషి వెళ్లి చేత్తో సరిచేయాలి. అందుకే విమానాశ్రయాల్లో రోజంతా అవస్థ. మన హైదరాబాదులోనే ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫొటో దేశమంతా చూసింది.

పాడైన కంప్యూటర్లు ఎన్ని? మైక్రోసాఫ్ట్ అంచనా 85 లక్షలు. వినడానికి భయంకరమైన అంకె. ఆ సంస్థే పక్కన ఇంకో మాట కూడా చెప్పింది: ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో అది ఒక శాతం కంటే తక్కువ. రెండు మాటలూ నిజమే. మొదటిది ఒక్కటే చెప్పిన వార్త ఒక చిత్రం గీస్తుంది, రెండూ చెప్పిన వార్త ఇంకో చిత్రం గీస్తుంది. దేనిలో ఎంత అని చెప్పని అంకెను మామగారు లెక్కల పుస్తకంలోకి ఎక్కించి ఉండేవారు కారు.

ఆ రోజే మన బ్యాంకులు కుప్పకూలాయని కూడా ప్రచారం నడిచింది. రిజర్వ్ బ్యాంకు లెక్క తీసి, పది బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలకు స్వల్ప అంతరాయం కలిగిందనీ, కొన్ని ఇప్పటికే సర్దుకున్నాయనీ, మిగతావి సర్దుకుంటున్నాయనీ ప్రకటించింది. నాకు నచ్చింది ఆ "పది" అనే అంకె. "అంతా క్షేమం" అని ఊరుకుని ఉంటే నేను అంతగా నమ్మేవాడిని కాదు. అలా లెక్కపెట్టి చెప్పాలంటే ఎవరో ఒకరు బ్యాంకు బ్యాంకునూ అడిగి ఉండాలి కదా.

అబద్ధాలు కూడా ఆ రోజు దండిగా పుట్టాయి. లాస్ వేగాస్‌లోని పెద్ద గోళాకార తెర నీలి తెర చూపుతున్నట్టు ఒక ఫొటో లక్షల మంది పంచుకున్నారు. అది తయారు చేసిన బొమ్మ. "ఆ సంస్థలో ఇవాళే చేరాను, చిన్న మార్పు చేసి మధ్యాహ్నం సెలవు పెట్టాను" అని ఒకాయన తన ఫొటోతో రాస్తే కొందరు అసలు దోషి దొరికాడనుకున్నారు. ఆయన బెల్జియంలో వ్యంగ్యం రాసుకునే రచయిత, ఆ సంస్థకూ ఆయనకూ సంబంధమే లేదు. ఇంకొకటి పత్రికలనే బోల్తా కొట్టించింది. అమెరికాలోని సౌత్‌వెస్ట్ విమాన సంస్థ 1990ల నాటి విండోస్ 3.1 వాడుతోంది కాబట్టే బతికిపోయిందని ఎన్నో చోట్ల అచ్చయింది. మూలం వెతుకుతూ పోతే ఎవరో సరదాగా రాసిన ఒక పోస్టు తేలింది. ఆ సంస్థ బతికిపోవడానికి కారణం, క్రౌడ్‌స్ట్రైక్ దెబ్బ దాని ముఖ్యమైన కంప్యూటర్లకు తగలకపోవడమే. ఒకరు రాసినదాన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు రాశారు. పది పత్రికల్లో వచ్చింది కాబట్టి నిజం అనుకునే ముందు, ఆ పదీ ఒకే బావిలోంచి తోడుకున్నాయేమో చూడాలి.

ఇంకో చిన్న విషయం, తరచుగా మోసపోతున్న చోటు. యూపీఐ ఆగిపోయినప్పుడు టీవీలో "వేల ఫిర్యాదులు" అని డౌన్‌డిటెక్టర్ అనే వెబ్‌సైటు గ్రాఫు చూపిస్తారు. అది జనం కొట్టిన ఫిర్యాదుల లెక్క మాత్రమే. టీవీలో చూసి మనమూ ఫోను తీసి ప్రయత్నిస్తాం, ఇంకాసేపటికి ఫిర్యాదు కొడతాం, గ్రాఫు ఇంకా పైకి పోతుంది. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ నిజంగానే ఇబ్బంది పెట్టింది. రెండుసార్లూ దాన్ని నడిపే ఎన్‌పీసీఐ తానే ముందుకొచ్చి సాంకేతిక సమస్య ఉందని ఒప్పుకుంది. గ్రాఫు కంటే ఆ ఒప్పుకోలుకు విలువ ఎక్కువ.

మరి నడిపేవాళ్లు చెప్పిందే వేదమా అని మీరు అడగవచ్చు. కాదు. వాళ్లకూ దాచుకోవలసినవి ఉంటాయి. అలాగే మందు అమ్మేవాడు జబ్బు పెద్దది చేసి చెబుతాడు. 1990లలో వైటూకే మరమ్మతుకు ప్రపంచానికి 30,000 కోట్ల నుంచి 60,000 కోట్ల డాలర్ల దాకా అవుతుందని కంప్యూటర్ రంగాన్ని పరిశీలించే గార్ట్‌నర్ సంస్థ చెప్పిన అంచనా ప్రతి వార్తలోనూ కనిపించేది. ఆ అంచనాను పట్టుకుని ఊరూరా సలహాలు అమ్ముకున్నవాళ్లు చాలామంది. మీ అబ్బాయి ఇక్కడ నన్ను నిలదీయవచ్చు: ఇటలీలాంటి దేశాలు పెద్దగా ఖర్చు పెట్టలేదు, అక్కడా ఏమీ కాలేదు కదా అని. న్యాయమైన ప్రశ్నే. ఖర్చులో కొంత వృథా పోయిందని నేనూ ఒప్పుకుంటాను. అయితే వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం వేరే చోట తయారై, వేరే చోట మరమ్మతయి వచ్చినదే. చిన్నాచితకా తప్పులు బయటపడ్డాక సరిచేసుకునే వీలూ ఉంది. మా బ్యాంకు ప్రోగ్రాముల్లాంటి వాటిని అలా వదిలేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, ఆ 95 నా చేతిలో ఉంది కాబట్టి.

ఓచరుతో పాటు గడియారం కూడా చూడాలి. 1999 డిసెంబరు 31న మేము ఆఫీసులోనే ఉన్నాం. మన సాయంత్రం నాలుగున్నరకే న్యూజిలాండులో 2000 వచ్చేసింది. అక్కడ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆస్ట్రేలియా, ఆ తర్వాత జపాన్. రాత్రి ఎనిమిదిన్నరకల్లా మాకు సగం భయం తీరిపోయింది. మన దేశంలో ఆ రాత్రి అందరి మనసూ కాందహార్ మీద ఉంది, హైజాక్ అయిన విమానంలోని ప్రయాణికులు తిరిగొస్తున్నారు. అయినా కొన్ని చోట్ల "నేటి అర్ధరాత్రి ఏం జరగనుంది?" అనే కార్యక్రమం సాయంత్రం ఎలా మొదలైందో రాత్రి పదకొండుకూ అలాగే నడిచింది. కొత్త సంగతి తెలిసినా మారని వార్తను నమ్మవద్దు. నిజంగా కనిపెట్టి చూస్తున్నవాళ్ల మాట గంట గంటకూ మారుతుంది, చాలాసార్లు చిన్నదవుతుంది, ఒక్కోసారి పెద్దదవుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో గొడవకు కారణమైన 2038. అది కట్టుకథ కాదు. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు లెక్కపెట్టి కాలం తెలుసుకుంటాయి. పాత పద్ధతిలో ఆ లెక్కకు 32 బిట్ల చోటు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడులు. అందులో పట్టే పెద్ద సంఖ్య 214,74,83,647. అది నిండేది 2038 జనవరి 19, మంగళవారం, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఆ మరుసటి సెకనుకు సరిచేయని యంత్రం 1901 డిసెంబరులోకి వెళ్లిపోతుంది. వీడియోలు ఇంతవరకు నిజమే చెబుతున్నాయి. చెప్పనిది ఏమిటంటే, ఈ మరమ్మతు ఏళ్ల కిందటే మొదలైంది. 64 బిట్ల లెక్క వాడే యంత్రాలకు ఈ గండం లేదు, ఇవాళ్టి ఫోన్లూ కంప్యూటర్లూ ఎక్కువగా అవే. పాత 32 బిట్ల యంత్రాల కోసం ఎన్నో యంత్రాలను నడిపే లినక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్ 2020లోనే మార్పులు తెచ్చింది. మిగిలే బెంగ ఎక్కడో గోడలో, యంత్రంలో బిగించి మరిచిపోయిన పాత పరికరాల గురించి. ఇక 2024 జూలై సంగతికీ దీనికీ చుట్టరికం లేదు. అది ఒక తప్పు ఫైలు, ఇది ఒక నిండబోయే లెక్క. ఆ రెండింటినీ ముడివేసిన వీడియో ఆ ఒక్కచోటే దొరికిపోయింది.

డిపాజిట్ల మాట. గడువుకు ముందు తీస్తే వడ్డీలో కోత పడుతుంది, అది ఇవాళే జరిగే నష్టం. డిపాజిటు రసీదు మీద గడువు తేదీ చూడమనండి. అది 2038కి ముందే ఉంటే ఈ భయంతో దానికి సంబంధమే లేదు. రసీదు, పాస్‌బుక్కు కాగితం రూపంలో ఉంచుకోమనండి, మూడు నెలలకోసారి ఎంట్రీ వేయించమనండి. మామగారి లాంటి మనిషికి ఆ కాగితం ఇచ్చే నిబ్బరం నా మాటలు ఇవ్వలేవు. ఇంట్లో వారం రోజుల పాలకు, కూరలకు, మందులకు సరిపడా నగదు పెట్టుకోండి. ఆయన బీపీ మాత్రలు పది రోజులవి ఎక్కువ ఉండనివ్వండి. 1999లో అమెరికా ప్రభుత్వం కూడా ప్రజలకు ఇదే ధోరణిలో చెప్పింది, మంచు తుఫాను వస్తుందంటే ఎలా సర్దుకుంటారో అలా సర్దుకోండని. తుఫాను అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పాలా!

మీ అబ్బాయితో ఒక మాట. వాడు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాడు కాబట్టి, తాతగారిని ఎగతాళి చేసే బదులు తన ఆఫీసులో ఒక పని చేయమనండి. వాళ్ల ప్రోగ్రాముల్లో తేదీని ఎక్కడైనా 32 బిట్లలో దాస్తున్నారేమో వెతకమనండి. ఇరవై ఏళ్ల గృహరుణం లెక్కలు వేసే ప్రోగ్రాములకు 2038 ఇప్పటికే వచ్చేసింది, ఆ కార్డు యంత్రాలకు 2000 ముందే వచ్చినట్టు. వెతికి చూసి, ఉన్నదీ లేనిదీ ఈసారి ఇంటికి వచ్చినప్పుడు తాతగారికి కాగితం మీద వేసి చూపించమనండి. ఆయన ట్రెజరీ మనిషి, లెక్క చూపిస్తే వింటారు.